గోనెపట్ట చాటు

లక్ష్మీరాజం ఉస్తాద్ తాడు మీద గోనెపట్ట వేశాడంటే మేమంతా బయటికి నడవాల్సిందే. నోరు తెరిచి పొమ్మనేవాడు కాదు. షెడ్డులో కిటికీకి దూరంగా ఆయనకంటూ ఒక మూల ఉండేది. రెండు గుంజల మధ్య తాడు కట్టి, దాని మీద గోనెపట్ట వేలాడదీసి, రెండు టేకు పలకలు పట్టుకుని దాని వెనక్కి వెళ్లిపోయేవాడు. మేము చాయ్ తాగడానికో, దుంగలు పేర్చడానికో పోయేవాళ్లం. తిరిగొచ్చేసరికి ఆ రెండు పలకలూ మూల దగ్గర ఒక్కటైపోయి ఉండేవి. మేకు లేదు, ఒకదాంట్లో ఒకటి దిగే పన్ను కనబడదు, అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా తెలియదు. దాన్ని మేము దొంగ అతుకు అనేవాళ్లం. ఆయన వినకుండా అనేవాళ్లం.

ఇది కరీంనగర్‌లో వడ్రంగం నేర్పే సర్కారు షెడ్డు సంగతి. అరవై అయిదులో నేను అక్కడ చేరాను. నా పేరు దశరథం. మాది సిరిసిల్ల, సాలెవాళ్లం. ఇంట్లో చేతిమగ్గం మూలపడి, మా బాపు అంబదాస్ ఎవరిదో పవర్‌లూమ్ మీద కూలికి పోతున్నాడు. ఆ చప్పుడుకు ఆయనకు ఒక చెవి వినబడటం మానేసింది. "నువ్వన్న ఇంకో పని నేర్వు కొడుకా" అని నన్ను ఇక్కడికి తోలాడు.

పని నేర్చుకుంటే సరిపోతుందా? హుజూరాబాద్‌లో కుర్చీలు, అల్మారాలు చేయించి అమ్మే హనుమండ్లు సేటు అని ఒకాయన ఉండేవాడు. సెలవుల్లో పోయి ఆయన్ని అడిగాను. ఆయన నన్ను కిందికీ మీదికీ చూశాడు. "వడ్రంగం జేసే వడ్లోల్ల పిలగాండ్లే పని లేక తిరుగుతున్నరు. సాలోన్ని నిన్నెందుకు పెట్టుకోవాలె? లక్ష్మీరాజం అతుకు నేర్చుకుని రా, రేపే పనిల పెట్టుకుంట" అన్నాడు. ఆ అతుకు వస్తే హుజూరాబాద్, రాకపోతే బాపు పక్కన పవర్‌లూమ్. నాకు మూడో దారి లేదు.

నాకు మొదట్నుంచీ ముక్కు మీదే కోపం. అందుకే ఆ గోనెపట్టను చూస్తే ఒళ్లు మండిపోయేది. పోనీ ఉస్తాద్ చెడ్డవాడా అంటే, కాదు. రంపం పట్టడం, ఉలి నూరడం, చిత్రిక పట్టడం అన్నీ దగ్గర కూర్చుని నేర్పేవాడు. తప్పు చేస్తే తిట్టి, మళ్లీ చేయించేవాడు. ఈ ఒక్కటి అడిగితే మాత్రం ముఖం ముడుచుకునేవాడు.

"మా బాపు నాకు జెప్పిండు, నేను నా కొడుకులకు జెప్పిన. ఊర్ల ఆళ్లు బతికేది దాని మీదనే. మీకు గూడ జెప్పి, ఆళ్ల నోట్ల మన్ను కొట్టాల్నా?"

ఆయన మాటలో అబద్ధం లేదు. అదే నాకు ఇంకా మండేది.

కిలోంజో ఆ ఏడే వచ్చాడు. కెన్యా దేశం వాడు. వాళ్లకు స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. కొత్త బడుల్లో వడ్రంగం చెప్పే పంతుళ్లు కావాలని కొందరిని నేర్చుకోవడానికి మన దేశం పంపారు. కాగితాల్లో ఎవరు ఏం రాశారో గానీ వాళ్లలో ఒకడు హైదరాబాద్ కూడా దాటి మా రేకుల షెడ్డుకు వచ్చిపడ్డాడు. వాడిని నా గదిలోనే పెట్టారు. తిండికి పరేషాన్ అవుతాడేమోనని మేము భయపడ్డాం. మొదటి రోజు మొక్కజొన్న రవ్వతో వండిన మక్కగట్క పెడితే, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు పెద్దవి చేశాడు. ఇది మా ఇంటి తిండే అని ఇంగ్లీషులో చెప్పి, గిన్నె ఊడ్చేశాడు.

బజారుకు పోతే జనం పని మానుకుని వాడినే చూసేవాళ్లు, పిల్లలు వెంటపడేవాళ్లు. వాడికి కోపం వచ్చేది కాదు, నాకొచ్చేది. "ఏం సూస్తున్నర్రా? మీ మేనమామ లెక్క ఉన్నడా?" అని వాళ్ల మీద లేచేవాణ్ణి. అది విని విని వాడు మొదట నేర్చుకున్న తెలుగు మాట మేనమామ. తర్వాత పిల్లలు ఎదురైతే వాడే నవ్వి, "మేనమామ వచ్చిండు" అనేవాడు. కొన్నాళ్లకు బజారంతా వాడిని మేనమామ అనే పిలిచింది.

వాళ్ల తాతలు కర్ర బొమ్మలు చెక్కేవాళ్లట. బాడిశ చేతికిస్తే వాడు చెక్కు లేపే తీరు ఉస్తాద్ కూడా పని ఆపి చూసేవాడు. "మంచిగ జెక్కుతవ్. కని ఒక్క దుంగలకెల్లి తీసుడే తెల్సు నీకు. రెండు పలకలు కలుపుడు తెల్వది" అని ఏడిపించేవాడు. ఏడాది తిరిగేసరికి వాడికి కలపడమూ వచ్చింది. మా తెలుగూ వచ్చింది, మా తిట్లతో సహా.

ఒకనాడు ఉస్తాద్ మామూలుగానే తాడు మీద గోనెపట్ట వేశాడు. మేము మామూలుగానే లేచాం.

"కిలోంజో, నువ్వుండు" అన్నాడు.

నేను గడప మీదే ఆగిపోయాను. "ఆనికి నేర్పుతవా ఉస్తాద్? మరి మాకు?"

"ఆడు సముద్రం అవతలికి పోయేటోడు. ఆడ ఏసుకుంటే నా కొడుకులకు నష్టం లేదు. నువ్వో, నా కొడుకుల బేరాలుండే హుజూరాబాద్ పోయేటోనివి. నాకు తెల్వదనుకున్నవా? పో, దుంగలు సర్దు."

నేర్పే ముందు వాడి చేత పనిముట్ల పెట్టె మీద చెయ్యి పెట్టించాడు. వడ్లవాళ్లకు ఆ పెట్టె అంటే దేవుడి గూడు. దాని మీద ప్రమాణం చేసిన మాట తప్పడం వాళ్లలో లేదు. "ఈ దేశంల ఎవ్వలికీ చెప్ప" అని కిలోంజో చెప్పడం మాకు బయటికి వినబడింది. ఆ తర్వాత చాలా రోజులు వాడు గోనెపట్ట లోపల, నేను బయట. దుంగలు సర్దుతున్నాననే పేరే గానీ, నేను పట్ట ముందు నుంచి కదిలేవాణ్ణి కాదు. లోపల ఉలి చప్పుడు ఆగితే పట్టకు ఇంకా దగ్గరగా జరిగేవాణ్ణి. ఏం గీస్తున్నారు, ఎంత తీస్తున్నారు అని చెవులు రిక్కించేవాణ్ణి. చప్పుడు వింటే అతుకు వస్తుందా, నా మొహం!

ఆగలేక ఒక సాయంత్రం గదిలో వాడిని అడిగాను. బతిమాలాను. నా బాపు చెవి సంగతి, హనుమండ్లు సేటు సంగతి అన్నీ చెప్పాను. వాడు తల వంచుకుని విన్నాడు.

"ఒట్టు వేసిన, దశరథం."

"ఎవలికి తెలుస్తదిరా? గీ గదిల మనిద్దరమే ఉన్నం."

"నాకు తెలుస్తది."

"నా కంచంల తిని నాకే దాస్తవా? పోరా, నువ్వూ ఆయనే ఒక్కటి!" అని నా చాప చుట్టుకుని వరండాలోకి పోయాను. ఆనాటి నుంచి వాడితో మాట బంద్. వాడు గట్క రెండు గిన్నెల్లో పెట్టి ఒకటి నా ముందుకు జరిపేవాడు. నేను తినేవాణ్ణి, కానీ మాట్లాడేవాణ్ణి కాదు.

పరీక్ష రోజు దగ్గరపడింది. జైనూర్ అడవి నుంచి వచ్చిన టేకు మాకు తలా కొంత ఇచ్చి, ఒక్కో పెట్టె చేయమన్నారు. పని ముగిసేదాకా ఉస్తాద్ అటు రాకూడదని నియమం. హైదరాబాద్ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్‌కు ఉస్తాద్ చాయ్ ఇస్తూ, మీసం దువ్వుకుంటూ అన్నాడు: "మా కెన్యా పిలగాని పెట్టె సూడుండ్రి సారు. అతుకు ఏడున్నదో దొరకవట్టిండ్రంటే నేను మీసం తీసేస్త."

ఇన్‌స్పెక్టర్ పోయి కిలోంజో పెట్టె ముందు నిలబడ్డాడు. వంగలేదు, తడమలేదు. నాలుగు మూలల్లోనూ పళ్లు ఒకదాంట్లో ఒకటి దిగి, గుడ్డివాడికి కూడా కనబడేలా ఉన్నాయి. పని శుభ్రంగా ఉంది. అందరికీ నేర్పిన మామూలు అతుకే. "బాగుంది. మరి మీసం సంగతేమిటి?" అని ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. అందరం పాసయ్యామని చెప్పి వెళ్లిపోయాడు. ఉస్తాద్ ముఖం మాడిపోయింది.

ఆయన పెట్టె దగ్గరికి వచ్చి దాన్ని అరచేత్తో చరిచాడు. "పరాయోని ముంగట నా పరువు తీసినవ్ గదరా! అన్ని దినాలు నేర్పింది ఏడ పెట్టినవ్? మర్సిపోయినవా?"

"మర్వలే ఉస్తాద్."

"మరెందుకు ఎయ్యలే?"

కిలోంజో పెట్టె పక్కకు జరిపి ఉస్తాద్ ఎదుట నిలబడ్డాడు. మేమంతా చుట్టూ నిలబడి ఉన్నాం.

"మా బాపు తెల్లదొరల కార్ఖానాల పని జేసిండు. దుంగలు మోసుడు, రంపం కోసుడు, పొట్టు ఊడ్సుడు. అతుకు ఏసేటప్పుడు దొరలు బయటకు పొమ్మని తలుపు పెట్టుకునేటోళ్లు. మా బాపు ఆ తలుపు బయటనే ముసలోడైండు. నువ్వన్న లోపలికి పోయి నేర్చుకో అని నన్ను తోలిండు. ఈడ నేను లోపలికే పోయిన ఉస్తాద్. కని పట్ట కిందికెల్లి దశరథం కాళ్లు కనబడ్డయి, దినాం. పరీక్షల ఆ అతుకు ఎయ్యాలని పలక తీసిన. నాకు చెయ్యి రాలే."

ఉస్తాద్ పెట్టె మీంచి చెయ్యి తీసేశాడు. "అంటే, నన్ను దొరను జేసినవా?"

ఆయన తండ్రి గడీలో దొరకు వెట్టి చేశాడని మాకందరికీ తెలుసు. సింహద్వారం చెక్కి నిలబెట్టిన మనిషిని, ఆ ద్వారంలోంచే లోపలికి అడుగు పెట్టనివ్వలేదట. ఆ ముచ్చట చెప్పినప్పుడల్లా ఉస్తాద్ పళ్లు కొరికేవాడు. దొర అనే మాట ఆయనకు తిట్టు కంటే ఎక్కువ.

"అనలే ఉస్తాద్. ఒట్టు తప్పలే, ఎవ్వలికీ చెప్పలే. చెప్ప గూడ. మీ అతుకు మీకే వాపస్ ఇస్తున్న" అన్నాడు కిలోంజో.

ఉస్తాద్ కండువా దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. పనిముట్ల పెట్టెకు తాళం వేయడం కూడా మరిచాడు. ఆయన అలా మరవడం మేము చూడటం అదే మొదటిసారి.

నేను గదికి పోయి నా చాప మళ్లీ లోపల పరిచాను. నా కోసం వాడు అంత పని చేస్తే నేను వాడిని నోటికొచ్చినట్టు తిట్టాను. నాకు ఏడుపొచ్చింది, వాడి ముందే ఏడ్చాను. "ఏడుస్తున్నవెందుకు? మీ మేనమామ సచ్చిండా?" అన్నాడు వాడు. ఆ మాట కూడా నా దగ్గర నేర్చుకున్నదే.

మర్నాడు వాడి ప్రయాణం. కాజీపేట పోయి రైలెక్కాలి. వాడి ట్రంకుపెట్టె నేను మోసుకుని బస్టాండుకు బయల్దేరితే, వాడు షెడ్డు వైపు తిరిగాడు. ఉస్తాద్‌కు దండం పెట్టకుండా పోనన్నాడు. ఆయన వాడి మొహం చూస్తాడో లేదో అని నాకు అనుమానమే.

ఉస్తాద్ తన మూలలో ఉన్నాడు. ముందు రెండు టేకు పలకలు. కిలోంజో వంగి కాళ్లకు మొక్కితే తల మీద చెయ్యి పెట్టాడు. తర్వాత లేచి తాడు మీద పక్కకు జరిపి ఉన్న గోనెపట్ట మీద చెయ్యి వేశాడు. ఏడాదిన్నర అలవాటు. ఆ చెయ్యి అటు పోవడం చూడగానే నా కాళ్లు వాటంతట అవే వాకిలి వైపు తిరిగాయి.

"ఏడికి పోతున్నవ్?"

వెనక్కి చూశాను. ఆయన పట్టను తాడు మీంచి లాగేసి, గట్టిగా దులిపాడు. దాన్ని పలకల ముందు నేల మీద పరిచాడు.

"కూసో."

"నేనా?"

"నువ్వు గాకపోతే నీ మేనమామా? కిలోంజో, నువ్వు గూడ కూసో. చెయ్యి రాలే అన్నవ్ గద, ఇప్పుడు వస్తదేమో సూస్త."

"బస్సు పోతది ఉస్తాద్" అన్నాడు వాడు. అప్పటికే వాడి కళ్లు తడిగా ఉన్నాయి.

"పోతే పోనీ. ఇంకోటి రాదా?"

నాకు నమ్మకం కుదరలేదు. తర్వాత తిట్టుకునేకంటే ముందే చెప్పడం మంచిదని, "నేను హుజూరాబాదే పోత ఉస్తాద్" అన్నాను.

"పో. నా కొడుకుల కంటే మంచిగ ఏస్తే, ఆళ్లను తిడ్త. ఖరాబు జేసినవనుకో, హుజూరాబాద్ వచ్చి నిన్ను తంత." ఆయన పలక నా ఒళ్లో పెట్టాడు. "అందరు ఏడ కొయ్యాల్నో సూస్తరు. గిది గట్ల గాదు. ఏది ఉంచాల్నో ముందుగాల గీసుకోవాలె. లోపట పళ్లు దియ్యి, మీద పల్సటి పొర ముట్టకు. ఆ పొరనే అతుకును దాస్తది."

ఇంతేనా! ఇన్నాళ్లూ నేను చచ్చింది ఈ పల్చటి పొర కోసమా? మొదటి గీత నన్నే గీయమన్నాడు. పెన్సిలు పలక మీద ఆనించాను. కిలోంజో తన అరచెయ్యి నా మణికట్టు కింద ఆనించి పట్టుకున్నాడు. గీత గీశాను. వంకర పోలేదు.

అప్పుడు కిటికీ దగ్గర గుసగుసలు వినిపించాయి. మిగతా వాళ్లంతా బయట ఒకరి భుజాల మీద ఒకరు పడి తొంగిచూస్తున్నారు. ఉస్తాద్ తలెత్తి చూసి గట్టిగా అరిచాడు.

"ఆడ నిలవడితే ఏం కనబడ్తదిరా? లోపలికి రాండ్రి!"

అంతమందికి గోనెపట్ట సరిపోలేదు. కొందరు ఉత్త నేల మీదే కూర్చున్నారు.