గ్లాసులో నాలుగు స్ట్రాలు

మనవరాలికి బడిలో హోంవర్కు ఇచ్చారు, చేశాక తినెయ్యొచ్చట. అందుకే పిలవకుండానే లేచి కూర్చుంది, పొద్దుటి నుంచి వంటింట్లోంచి కదల్లేదు. గాజుగ్లాసు అడుగున చక్కెరబిళ్ళలు పరిచింది. అవి గులకరాళ్ళట. వాటి మీద బిస్కెట్ల పొడి ఇసుకట. ద్రాక్షరసం పోసింది, అది భూమి లోపలి నీళ్ళు. పైన మూతలా ఐస్‌క్రీమ్ పులిమింది, అది బంకమన్ను.

బల్ల దగ్గర కూర్చున్న తాత కళ్ళు గ్లాసు మీదున్నా ప్రాణమంతా పెరట్లోనే ఉంది. అక్కడ అల్లుడు బోరు వేస్తున్నాడు. ముప్పై ఐదేళ్ళు తాత తోలిన బోరుబండే అది, మోకాళ్ళు మొరాయించాక అల్లుడి చేతికొచ్చింది. పాత బోరు ఎండి రెండు నెలలైంది. ఇవాళ నీళ్ళు పడకపోతే ఇంటికి తాళం వేసి అందరూ ఊరు వదలాల్సిందే. కూతురు అప్పుడే గిన్నెలు అట్టపెట్టెల్లో సర్దుతోంది. నాలుగు తిట్టినా బాగుండునని తాతకు అనిపించింది.

బండి ఆగింది. నెత్తి నిండా దుమ్ముతో అల్లుడు లోపలికొచ్చి అరచెయ్యి చాపాడు. అందులో బోరులోంచి వచ్చిన బూడిదరంగు పొడి.

"చూడండి మావయ్యా. తొమ్మిది వందల అడుగులు."

తాత చిటికెడు తీసుకుని నాలుక మీద వేసుకున్నాడు. ఎన్ని మిషన్లు వచ్చినా ఆయన నమ్మేది నాలుకనే. బంకమన్నయితే అంగిలికి అంటుకుంటుంది. ఇసుకయితే పళ్ళ కింద కరకరమంటుంది, అది తగిలితే నీళ్ళ మీద ఆశ పెట్టుకోవచ్చు. ఇది రెండూ కాదు. ఉత్త రాతిపిండి. నోట్లో ఉన్న తడిని కూడా పీల్చేసింది.

చెప్పడానికి మనసొప్పలేదు. "ఇంకో యాభై చూడు," అన్నాడు.

అల్లుడు వెళ్ళి మళ్ళీ బండి నడిపించాడు.

యాభై. ఆ వీధిలో ఎవరు పిలిచినా తాత చెప్పిన మాట అదే. పక్కింటి బోరు కంటే యాభై అడుగులు లోతు. ఆర్నెల్లకు ఆ పక్కింటివాళ్ళు లబోదిబోమంటూ వస్తే వాళ్ళకూ ఇంకో యాభై. అందరూ ఆయన్ని దేవుడన్నారు. ఆయన కూడా కాదనలేదు.

"తాతా, ఇటు చూడు!" మనవరాలు ఐస్‌క్రీమ్‌లోంచి స్ట్రా దించి రసం పీల్చింది. దాని పక్కనే రెండోది ఇంకాస్త లోతుగా దించింది. "ఇది నీది. తాగు."

తాత తాగాడు. పిల్ల స్ట్రాలో గుర్రుమని గాలి పలికింది.

"చూశావా! నీది లోతుగా ఉంటే నాకు రాదు. టీచర్ చెప్పింది నిజమే!" పకపకా నవ్వింది. "అయితే నేనూ లోతుగా దించుతా." మూడోది దించింది. తాతకని నాలుగోది. అది గ్లాసు అడుగు తాకింది. ఇద్దరూ పీల్చారు. చక్కెరబిళ్ళలు మిగిలాయి.

ఆ గుర్రుమనే చప్పుడు తాతకు కొత్త కాదు. ఎండిపోబోయే బోరు ఆఖరి రోజుల్లో అలాగే మూలుగుతుంది. ఎన్ని ఇళ్ళలో విన్నాడో! విన్న ప్రతిసారీ బండి తీసుకెళ్ళాడు. సిగ్గుతో ఆయన తల వాలిపోయింది.

"మళ్ళీ నిండాలంటే ఏళ్ళూ ఏళ్ళూ వానలు పడాలట," అంది పిల్ల చక్కెరబిళ్ళ నములుతూ. "మన వీధిలో స్ట్రాలు ఎవరు గుచ్చారు తాతా?"

కూతురి చేతిలో గిన్నె ఆగిపోయింది.

"నేనేనమ్మా," అన్నాడు తాత.

పిల్ల ఆటనుకుని నవ్వింది. కూతురు నవ్వలేదు.

తాత గోడ పట్టుకుని పెరట్లోకి నడిచి, చెయ్యెత్తాడు. "ఆపెయ్ నాయనా. ఇందాకే చెప్పాల్సింది. కింద ఏమీ లేదు."

బండి మోత ఆగిపోయింది. అల్లుడు అక్కడే మట్టిలో కూలబడ్డాడు.

ఆ నిశ్శబ్దం వినే కాబోలు, పక్కింటాయన ప్రహరీ మీదుగా తొంగి చూశాడు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"బండి ఆపారంటే నీళ్ళు పడ్డట్టేగా! ఎంత లోతులో? రేపు మాకు ఇంకో యాభై ఎక్కువ వెయ్యండి."