ఇనుప ఎలుగు మోకాలు

జీడిపళ్లు రాలే రోజుల్లో ధనమ్మ తెల్లారకముందే లేచి, గంజి కాచి, బుట్ట చంకన పెట్టుకుని పూండి దగ్గర తమ తోటకి పోయేది. రాలిన పళ్ల నుంచి పిక్కలు తిప్పి తీసుకుని, పళ్లని అక్కడే పోగేసేవాళ్లు. ఆ వైపు విలువంతా పిక్కదే. పండు ఎవరికీ అక్కర్లేదు, ఎలుగుబంట్లకి తప్ప.

నిరుడు ఆమె మొగుడు గున్నయ్య బావి పక్కన తను పోసిన పోగు దగ్గరే ఎలుగుకి ఎదురుపడ్డాడు. చెంప చీరుకుపోయి ఒక కన్ను పోయింది. అప్పటినుంచి గడప దాటలేదు. ఏ చెట్టు ఎప్పుడు కాస్తుందో ఇట్టే చెప్పే మనిషి గోడవైపు తిరిగి పడుకునే ఉండేవాడు. ఈ కాపు అయ్యేలోగా అతను లేవకపోతే తోట అమ్మేద్దామనుకుంది ధనమ్మ.

ఆమె తమ్ముడు బైరాగికి కాశీబుగ్గలో వెల్డింగు షాపు ఉంది. తీరిక దొరికితే పాత ఇనుముతో జంతువుల్ని చేసేవాడు. అవి నడిచేవి. అతను చేసిన కొంగ రోజూ పొద్దున్నే చెరువుకి వెళ్లొచ్చేది. దారినపోయేవాళ్లు కాస్త పక్కకి తప్పుకునేవారు, అంతే. అక్క బాధ చూడలేక, ఎలుగుల్ని బెదరగొట్టడానికి ఎలుగునే చేశాడు. పిక్కలు వేపే పాత డ్రమ్ము పొట్ట, సైకిలు గొలుసులు బొచ్చు, తుఫానుకి ఎగిరిపడ్డ రేకులు చెవులు. ట్రాక్టరు మీద తెచ్చి తోటలో దింపాడు.

మర్నాడు పొద్దున్నకి అది గున్నయ్య వాకిట్లో ఉంది. కీచు కీచుమంటూ ఇల్లు చుట్టి, ఎండెక్కాక తోటకి పోయింది. రోజూ ఇదే వరస. ధనమ్మ దాని కాళ్ల చుట్టూ కళ్లాపి చల్లుకునేది. లోపల గున్నయ్యకి భయం కన్నా చిరాకు ఎక్కువైంది. తొమ్మిదో రోజు ఇక ఓర్చుకోలేకపోయాడు.

"నీ తమ్ముడు మోకాళ్లకి నూనెయ్యడం మరిసిపోనాడే. ఈ సద్దు నాను పడలేను," అని కొబ్బరినూనె గిన్నెతో గడప దాటాడు. ఏమన్నా అంటే ఎక్కడ వెనక్కి తిరుగుతాడోనని ధనమ్మ తల ఎత్తకుండా కళ్లాపి చల్లుతూనే ఉంది.

ఎలుగు ఒక మోకాలు ఇచ్చింది. రెండోది ఇవ్వకుండా నడక సాగించింది. గున్నయ్య తిట్టుకుంటూ వెంటపడ్డాడు. అది బావి దగ్గర ఆగింది. పళ్లపోగు అవతల అసలు ఎలుగు, వీపు మీద రెండు పిల్లలతో, తింటోంది. అతను ఒకడుగు వెనక్కి వేశాడు. ఇనుప ఎలుగు ఇద్దరి మధ్య కూలబడి రెండో మోకాలు చాపింది. చేసేదేం లేక అతనూ కూర్చుని నూనె రాశాడు. తల్లి ఎలుగు కడుపునిండా తిని, పిల్లల్ని మోసుకుని తుప్పల్లోకి పోయింది.

ఇంటికొచ్చి ధనమ్మతో అన్నాడు. "తప్పు నాదేనే. మనం నడిసే దార్లో దానికి కూడెట్టి, మళ్లీ నానే ఎదురెల్లాను. రేపట్నించి పోగు తుప్పల వారన ఎయ్యాల."

రేపు అన్న మాటకి ధనమ్మకి ఏడుపొచ్చింది.

మర్నాడు చప్పుడు లేదు. గున్నయ్య లోపల చెవి ఒగ్గి, ఒగ్గి, ఎలుగు వచ్చిందేమో చూడమన్నాడు. అది గడప పక్కనే కూర్చుని ఉంది. ధనమ్మ దాన్ని చూస్తూనే వాకిలి ఊడుస్తోంది.

"ఇక్కడ నేదు. తోటలో ఏటయిందో, నువ్వే ఎల్లి సూడు," అంది.

ఎలుగు లేచి, చప్పుడు చెయ్యకుండా తోటవైపు నడిచింది. కాసేపటికి గున్నయ్య బుట్ట తీసుకుని బయటికొచ్చాడు.