కొంగ నిలబడ్డ చోటు

పొద్దున్నే పనికి వెళ్లగానే ఆమె ముందు చేసేది మొహం దాచుకోవడం. తల నుంచి కాళ్లదాకా తెల్లటి ముసుగు కప్పుకుని, కుడిచేతికి కొంగ తలకాయ బొమ్మ తొడుక్కుని, ఆ బొమ్మ ముక్కుతో కొంగ పిల్లలకు చేపముక్కలు తినిపించేది. నోరు మెదపకూడదు. మనిషి మొహం చూసిన పిల్ల మనుషుల వెంటే పడుతుంది, గుంపులో కలవదు అని పెంపకం షెడ్డు పెద్దాయన ఆమె చేరిన రోజే హెచ్చరించాడు. చిత్తడినేలలో బెగ్గురు కొంగలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే మిగిలాయి. అవి నిలబడ్డ చోటల్లా కాళ్ల కింద నీరు ఊరుతుంది కాబట్టి, అవి అంతరించిపోతే ఊరికి గుక్కెడు నీళ్లుండవు. ఆవు పాలిస్తుంది, కొంగ నీళ్లిస్తుంది, అంతే.

వీధిలో అందరూ ఆమెను కొంగలమ్మ అనేవాళ్లు. మొగుడు మాత్రం "మూగమ్మా" అని వేళాకోళం చేసేవాడు. షెడ్డులో నోరు కట్టేసుకుని కట్టేసుకుని, ఇంటికొచ్చాక కూడా ఆమెకు మాట పెగిలేది కాదు మరి.

ఆ ఏడు చివరగా పుట్టిన పిల్ల తిండి ముట్టలేదు. బొమ్మ ముక్కుతో ఎంత అందించినా తల తిప్పేసుకుంది. మెడ వాల్చేసింది. ఆమె ప్రాణం విలవిల్లాడింది. ముసుగు లాగి పారేసి, పిల్లను ఒళ్లోకి తీసుకుని, "తిను నా తల్లీ, ఒక్క ముక్క తిను" అంది. పిల్ల ఆమె మొహంలోకి కళ్లార్పకుండా చూసింది. తర్వాత ఆబగా తిన్నది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

రెక్కలొచ్చాక పిల్లలన్నిటినీ గుంపులో వదిలారు. అది మాత్రం నడుచుకుంటూ కొంగలమ్మ ఇంటికొచ్చేసి, వంటింట్లో పొయ్యి పక్కన ఒంటికాలి మీద నిలబడింది. సాయంత్రానికి చీలమండల లోతు నీళ్లు.

"కూర్చున్న చోటికే వచ్చాయే నీళ్లు!" అని అత్త మురిసిపోయి, పీట వేసుకుని దుప్పట్లు ఉతకడం మొదలెట్టింది.

వారం తిరక్కముందే మంచం కోళ్లు మునిగాయి. గోడలు నాని పెళ్లలు రాలాయి. పక్కింటావిడ తొంగిచూసి, "మాకూ గడప దాకా వచ్చాయమ్మా, కాస్త దాన్ని అటు తిప్పి నిలబెట్టవూ?" అంది.

"కొంప కూలేదాకా చూస్తూ కూర్చుంటావా?" అన్నాడు మొగుడు, మంచం మీద కాళ్లు ముడుచుకుని. "నాలుగు తగిలించి తరుము దాన్ని."

షెడ్డు పెద్దాయన కూడా వచ్చాడు. "గుంపు రేపో మాపో వలస లేస్తుంది. ఇది వెళ్లకపోతే ఒంటరిగా ఇక్కడే చస్తుంది. మొహం చూపించావు కదూ?"

ఆమె తల దించుకుంది.

"అయితే ఆ మొహంతోనే కొట్టాలి తల్లీ. ముసుగేసుకుని కొడితే తోటి కొంగలంటేనే భయపడుతుంది."

ఆమె కర్ర తీసుకుంది. మొదటి దెబ్బ ఆటనుకుని కొంగ ఇంకా దగ్గరికొచ్చి, ఆమె భుజం మీద మెడ ఆనించింది.

"పోవే! నీకు నేనెవరు? పో!"

జన్మలో ఆమె అంత గట్టిగా అరిచింది లేదు. రెండో దెబ్బకు ఈకలు రాలాయి. కొంగ ఆమె మొహంలోకి ఒక్కసారి చూసి, గుమ్మం దాటి ఎగిరిపోయింది. నీళ్లు గచ్చులోకి ఇంకిపోయాయి. అత్త సగం ఉతికిన దుప్పటితో అలాగే ఉండిపోయింది.

మరుసటేడు, ఊళ్లో దాచుకున్న నీళ్లు అడుగంటే వేళకు, గుంపుతోపాటు అదీ తిరిగొచ్చింది, జోడును వెంటేసుకుని. ఊరంతా సంబరపడింది. కొంగలమ్మ బిందె పట్టుకుని పరుగున వెళ్లింది. ఆమె మొహం కనపడగానే అది గొంతు చించుకుని అరిచింది. గుంపంతా లేచిపోయింది, నీళ్లు ఇంకిపోయాయి. ఆమె వంచిన బిందె బురదలో దిగబడింది. బిందెలతో నిలబడ్డ జనమంతా ఆమెకేసి చూశారు.

"తప్పు నీది కాదమ్మా, కానీ రేపట్నించి పనికి రాకు" అన్నాడు పెద్దాయన.

"ముసుగేసుకునే వస్తానండీ."

"అది నీ నడక కూడా గుర్తుపడుతుంది."

ఇప్పుడు నీళ్లకు అత్తే వెళ్తుంది, మోకాళ్ల నొప్పులతో. కొంగలమ్మ చిత్తడినేల గట్టు మలుపు దాకా తోడెళ్లి అక్కడే కూలబడుతుంది. "బిడ్డలా పెంచావు, అంత గట్టిగా కొట్టకుండా ఉండాల్సింది" అంటాడు మొగుడు, అత్త మోసుకొచ్చిన నీళ్లు తాగుతూ. ఆ మాటకు ఆమె ఒళ్లు మండిపోతుంది.

ఒకరోజు అత్త మలుపు దగ్గర బిందె దించి, ఆయాసపడుతూ చెప్పింది. "నీ కొంగకి పిల్ల పుట్టిందే కోడలా. తిండి ముట్టడం లేదు, నీ కొంగ పక్కనే కూర్చుని ముక్కుతో అందిస్తూనే ఉంది."

"తిన్నదా?"

"నేనొచ్చేదాకా తినలేదు."

ఆమె గభాలున లేచింది. కొంగల వైపు రెండడుగులు వేసి, చేత్తో మొహం తడుముకుని ఆగిపోయింది.