నలభై ఒకటో కల్వర్టు

నలభై ఒకటో కల్వర్టు నోట్లోంచి ఎల్మర్ నైగార్డ్ మూడో దుంగను బయటికి లాగేసరికి మధ్యాహ్నం రెండయింది. పన్నెండడుగుల కర్ర, చివర ఇనుప కొక్కెం. కొక్కేన్ని దుంగకు తగిలించి, ఒక కాలు గట్టుకు తన్నిపట్టి, ఒళ్ళంతా వెనక్కి వాల్చి లాగాలి. దుంగ జరగగానే దాని వెనక ఆగిన నీళ్ళు గొట్టంలో పడి, రోడ్డు కిందుగా అవతలికి పోయాయి. ఎల్మర్ నడుం నిటారు చేసి ఎడమ భుజం నొక్కుకున్నాడు. పొద్దుటి నుంచి అక్కడ సలుపుతోంది. రోజూ కర్రతో దుంగలు లాగేవాడికి భుజం నొప్పి వింత కాదు గనుక పట్టించుకోలేదు.

మొన్నటిదాకా కొండల మీద నడుం లోతు మంచు. నవంబరు మొదట్లోనే అంత పడిందని అందరం ముచ్చటపడ్డాం. నిన్న సాయంత్రం సముద్రం మీది గాలి మళ్ళి వెచ్చని వాన పట్టుకుంది. మా లోయలో చలివానకు ఎవరూ భయపడరు. ఈ వెచ్చని వానతోనే చిక్కు. తాను కురిసింది చాలక, కొండ మీది మంచును కూడా కరిగించి వెంటబెట్టుకొస్తుంది.

ఎల్మర్‌కు అరవై మూడేళ్ళు. ఎగువ ఆస్పత్రి నుంచి దిగువ రేవు దాకా రోడ్డు కింద డెబ్బై రెండు కల్వర్టులున్నాయి. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా వాటి నోళ్ళు తెరిచి ఉంచడమే అతని ఉద్యోగం. పెళ్ళి చేసుకోలేదు. మంచం పట్టిన తల్లికి పదకొండేళ్ళు వండిపెట్టాడు. ఆమె పోయాక కూడా చాలాకాలం అలవాటు పోక ఇద్దరికి సరిపడా వండేవాడు. కల్వర్టు పూడితే ఊరంతా తిడుతుంది, తెరిచి ఉంటే అది ఉందన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. ఎల్మర్ విషయంలోనూ మేం అదే చేశాం. కారులోంచి చెయ్యి ఊపడం తప్ప ఆ మనిషిని నిలబెట్టి పలకరించింది లేదు. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

పలకరించేది ఒక్క ఎవెలిన్ అత్తే. నలభై ఒకటో కల్వర్టులోంచి పారే వాగు పక్కనే ఆమె ఇల్లు. ఎల్మర్ తాతలు నార్వే నుంచి వచ్చి పడవ దిగకముందే, ఆమె తాతముత్తాతలు ఆ ఒడ్డున చేపలు పట్టినవాళ్ళు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, ఊరందరికీ అత్త.

"ఏరా, ఇంకా ఆ గొట్టాన్నే పట్టుకుని వేలాడుతున్నావా? ఫ్లాస్కు ఇలా తే, కాఫీ పోస్తా."

"బూట్ల నిండా బురద అత్తా."

"ఈ ఇంటికి బురద కొత్తేంటి? ముందు నీ మొహం చూసుకో, సున్నం కొట్టినట్టుంది. పెళ్ళామంటూ ఉంటే ఈ వానలో నిన్ను గడప దాటనిచ్చేదా?"

"ఉంటే తనే గెంటేదేమో."

"అదీ నిజమేలే," అని ఆమె నవ్వి, సొట్టపడిన ఆకుపచ్చ ఫ్లాస్కు నిండా కాఫీ పోసింది. పొగబెట్టిన చేపముక్క ఒకటి చేతిలో పెట్టింది. ఎల్మర్ వంటింటి గుమ్మంలో కూర్చుని తిన్నాడు. వాగు అడుగున బండలు దొర్లుతున్న అదురుకి అరలో గిన్నెలు సన్నగా మోగుతున్నాయి.

చేపముక్క సగంలో ఉండగా గిన్నెలు మోగడం ఆగిపోయింది.

"హమ్మయ్య, తగ్గింది," అని ఎవెలిన్ గోడకున్న తాడు అందుకుంది. వాగు తగ్గగానే ఒడ్డుకు పరిగెత్తడం మా లోయ అలవాటు. కొట్టుకొచ్చిన మానుకు ముందు ఎవరు తాడు కడితే అది వాళ్ళది. చేపలకు పొగబెట్టడానికి ఆల్డర్ కట్టెను మించింది లేదు. "పొద్దున మంచి ఆల్డర్ మాను కనిపించింది. పక్కింటివాళ్ళు చూడకముందే కట్టేసొస్తా."

ఎల్మర్ లేచి నిలబడ్డాడు. కప్పు మీద వాన చప్పుడు ఏమాత్రం తగ్గలేదు. వాన తగ్గకుండా వాగు తగ్గిందంటే పైన కొండల ఇరుకులో చెట్లూ మట్టీ విరిగిపడి నీటికి అడ్డం కట్టాయన్నమాట. ఆ అడ్డం ఎంతోసేపు ఆగదు.

"తాడు కింద పెట్టు అత్తా. బండెక్కు."

"నలభై చేపలు వేలాడుతున్నాయిరా పొగగదిలో. చలికాలమంతా ఏం తినను?"

"మా నాన్న కూడా తాడు పట్టుకునే పోయాడు."

ఆ రోజు ఎవెలిన్‌కు బాగా గుర్తు. మర్నాడు రేవు దగ్గర మాను దొరికింది, దానికి కట్టిన తాడు దొరికింది. ఆయన దొరకలేదు. ఆమె తాడు వదిలేసి, చేతికందిన ఫ్లాస్కు పట్టుకుని బండెక్కింది.

ఆమెను గుట్ట మీది చర్చి దగ్గర దింపుతుండగా రేవు ఆఫీసులో రోడ్ల సంగతి చూసే డార్సీ రేడియోలో పలికింది. "ఎల్మర్ గారూ, ఇక్కడి మీటరులో వాగు మూడడుగులు తగ్గినట్టు చూపిస్తోంది. గండం గడిచినట్టేగా?"

"గడవలేదమ్మా, ఇప్పుడొస్తోంది. రోడ్డు రెండువైపులా మూసెయ్యాలి."

"ఇటు నేను మూస్తా. ఆస్పత్రి వైపు మనిషిని పంపాలంటే అరగంట పడుతుంది."

మూడింటికి ఆస్పత్రిలో పగటి డ్యూటీ అయిపోయి అందరూ ఈ రోడ్డునే ఇళ్ళకు బయల్దేరతారు. ఎవెలిన్ కూతురు మార్లీన్ అక్కడే నర్సు. అప్పుడు మూడు దాటి అయిదు నిమిషాలు.

"నేనే దాటి వెళ్తా," అన్నాడు ఎల్మర్.

"నీ ఫ్లాస్కు," అని ఎవెలిన్ బండి కిటికీలోంచి లోపలికి అందించబోయింది.

"ఉంచత్తా. వచ్చాక తాగుతా."

కల్వర్టు దాటుతూ పక్కకు చూశాడు. నీళ్ళు తగ్గి బయటపడ్డ రాళ్ళ మధ్య ఒక చేప తోక కొట్టుకుంటోంది. ఆవల రెండు వందల గజాల దూరంలో బండిని రోడ్డుకు అడ్డంగా పెట్టి, పైన నారింజ దీపం వేసి కిందికి దిగాడు. ఊపిరి అందడం లేదు. ముందు వచ్చింది మార్లీన్ ఎర్ర కారే.

"అమ్మ?"

"చర్చిలో ఉంది. నువ్వు వెనక్కి తిప్పు తల్లీ. వెనకవాళ్ళకీ చెప్పు."

అయిదు కార్లు వెనక్కి తిరిగాయి. పెళ్ళగించిన మట్టి వాసన ముందు వచ్చింది, తర్వాత చప్పుడు. బురదా బండలూ చెట్లూ ఒక్కటిగా దిగి కల్వర్టునూ, రోడ్డునూ, పొగగదినీ, ఎవెలిన్ వంటింటినీ ఊడ్చుకుపోయాయి. మనిషన్నవాడు ఒక్కడు కూడా దాని దారిలో లేడు.

ఎల్మర్ బండెక్కి రేడియో తీశాడు. "నలభై ఒకటి పోయిందమ్మా. మనుషులంతా క్షేమం."

కాసేపటికి మార్లీన్ దుప్పటి పట్టుకుని వచ్చింది. అతను సీటుకు ఆనుకుని, రేడియో ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. మెడ మీద వేళ్ళు ఆనించగానే నాడి ఆగిపోయిందని ఆమెకు తెలిసిపోయింది. అయినా తడి రోడ్డు మీద పడుకోబెట్టి అరగంట సేపు గుండె నొక్కింది.

చీకటి పడే వేళకు చర్చిలో చాలామందిమి చేరాం. ఎవరో కాఫీ అడిగితే ఎవెలిన్ ఫ్లాస్కును ఒళ్ళోకి లాక్కుంది. "ఇది ఎల్మర్‌ది. వచ్చాక తాగుతానన్నాడు."

డార్సీ వచ్చి ఆమె పక్కన కూర్చుని, చెవి దగ్గర మెల్లగా చెప్పింది. ఎవెలిన్ ఫ్లాస్కు మూత తిప్పింది. సన్నగా ఆవిరి లేచింది. చల్లారిపోతుందని గబగబా మూత బిగించి, సొట్టపడిన ఆ ఆకుపచ్చ ఫ్లాస్కును రోడ్డు కనిపించే కిటికీలో పెట్టింది.