చొక్కా కింద బెల్టు

జాన్‌బాషా స్నానాలగది నేలని పొడిగుడ్డతో మరోసారి తుడిచి, అరికాలితో రుద్ది చూశాడు. జారలేదు. గుమ్మం ముందున్న కాళ్ళు తుడుచుకునే పట్టా చుట్టి మూలకి నిలబెట్టాడు. చేతులు సబ్బుతో కడుక్కుని తిరుపతిరావు మంచం దగ్గరికి వెళ్ళాడు.

బాషాది లావుపాటి మెడ, బట్టతల, ఎడమ కనుబొమ మీద ఎప్పటిదో గాటు. చూడటానికి మొరటు మనిషి. జగ్గయ్యపేట నుంచి సిమెంటు లారీ తోలి తోలి ఒళ్ళు అలా బిగుసుకుపోయింది. పెళ్ళయ్యాక కూడా ఇంట్లో కంటే క్యాబిన్లో నిద్రపోయిన రాత్రులే ఎక్కువ. ఓనరు లారీలు అమ్మేశాక, ఇళ్ళకి వెళ్ళి రోగుల్ని చూసుకునే సంస్థలో చేరాడు. బస్తాని ఎత్తినట్టు మనిషిని ఎత్తకూడదనీ, చెప్పకుండా ఒంటి మీద చెయ్యి వెయ్యకూడదనీ అక్కడ నేర్పారు. ఇప్పుడు రోజూ సాయంత్రం నందిగామలో బస్సెక్కి ఇల్లు చేరతాడు. భార్య ముంతాజ్ వేడిగా వడ్డిస్తే తిని తన మంచం మీద తాను పడుకుంటాడు. ఈ వయసులో ఇంత సుఖం దొరుకుతుందని అనుకోలేదు.

"బాబాయ్‌గారూ, పట్టుకుంటున్నానండి. లేద్దామా?"

తుంటి ఎముక విరిగి ఆపరేషనయినప్పటి నుంచి తిరుపతిరావు గడప దాటలేదు. మళ్ళీ పడతానేమోనని భయం. ఈ మధ్య మాత్రం ఒకటే కోరిక: బజార్లో రత్నబాబు సెలూన్ కుర్చీలో కూర్చుని గడ్డం గీయించుకోవాలి.

టిఫినయ్యాక సంస్థ సూపర్‌వైజరు జాయిస్ వచ్చింది. స్నానాలగది గోడకున్న కడ్డీని గట్టిగా లాగి చూసింది. బాషాని బయట ఉండమని, "ఇతనితో ఏమైనా ఇబ్బంది ఉందా అంకుల్?" అని అడిగింది.

"ఉందమ్మా. డబ్బులు తీసుకుని పనంతా నాచేతే చేయిస్తన్నాడు."

వసారాలో బాషా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

చేతికర్రతో ఆయన్ని హాలంతా నడిపించి చూశాక జాయిస్, "ఇంట్లో ఇక మనిషి అక్కర్లేదు. బాషాగారికి ఇవాళే ఆఖరు, రేపట్నుంచి వత్సవాయిలో డ్యూటీ" అంది. "బయటికి మాత్రం నడుం బెల్టుతోనే వెళ్ళాలి, తోడుంటేనే."

ఆమె వెళ్ళగానే బాషా బెల్టు తెచ్చాడు. తిరుపతిరావు మొహం తిప్పుకున్నాడు.

"నడుముకి పట్టా కట్టి వెనకనుంచి పట్టుకుంటే, ఎద్దుని తోలుకెళ్తన్నాడంటారయ్యా జనం."

"అది లేకుండా గడప దాటమండి."

"అయితే మానేద్దాం." పెద్దాయన మంచం మీద కూలబడ్డాడు.

 బాషా బీరువాలోంచి వదులు చొక్కా ఒకటి తీశాడు. "బెల్టు లోపల, చొక్కా పైనండి. నా చెయ్యి చొక్కా కింద ఉంటది. చూసేవాళ్ళకి కబుర్లాడుకుంటా నడుస్తన్నట్టుంటది."

తిరుపతిరావు చేతులు పైకెత్తాడు, కట్టమన్నట్టు.

బజారు మలుపులో సందులోంచి మోటారుసైకిలొకటి దూసుకొచ్చింది. ఆయన కాలు తడబడి ఒళ్ళు పక్కకి ఒరిగింది. చొక్కా కింద బాషా పిడికిలి బిగుసుకుంది. ఆయన నిలబడ్డాడు. ఇద్దరూ ఊపిరి తీసుకున్నారు.

"పట్టు గట్టిదేనయ్యా."

"స్టీరింగు పట్టిన చెయ్యండి."

నవ్వుకుంటూనే సెలూన్ మెట్టెక్కారు. రత్నబాబు నురగ పట్టించాడు. తిరుపతిరావు అద్దంలో తన చెంపలు అటూ ఇటూ తిప్పి చూసుకుని, బాషాని కూడా పక్క కుర్చీలో కూర్చోబెట్టించాడు.

సాయంత్రం తిరుపతిరావు భార్య ప్రమీలారాణికి బెల్టు ఎలా పట్టుకోవాలో బాషా చూపించాడు.

"ఆవిడకి నేర్పక్కర్లా. పెళ్ళయినప్పటి నుంచీ పట్టుకునే ఉంది" అన్నాడు తిరుపతిరావు.

భార్య బెల్టు పట్టుకోగా గేటు దాకా నడిచొచ్చి, "వత్సవాయిలో ఆయనెవరో. నిన్ను బాగా చూసుకుంటాడా?" అని అడిగాడు.

"నేను చూసుకుంటాగా బాబాయ్‌గారూ" అన్నాడు బాషా. బస్టాండు వైపు తిరిగాక తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

తిరుపతిరావు వెనక్కొచ్చేసరికి పిట్టగోడ మీద, కడిగి బోర్లించి బాషా మర్చిపోయిన టిఫిన్ డబ్బా అలాగే ఉంది. దాని అంచున నీళ్ళు ఇంకా ఆరలేదు.