పద్దెనిమిదో రోజు గుడ్లు

దస్తగిరి సైకిలు వెనక కట్టుకొచ్చిన అట్టపెట్టెకు నాలుగు పక్కలా చిల్లులున్నాయి. ఒక్కో చిల్లులోంచి ఒక ముక్కు బయటికి వచ్చి మళ్ళీ లోపలికి పోతోంది.

"అన్నీ పుంజు పిల్లలేనమ్మా. ముందే చెప్తున్న. ఫారమోళ్ళకు గుడ్లు పెట్టేటియే కావాలె. వీటిని ఏరి పారేస్తరు. గందుకే గింత సస్త," అన్నాడతను.

"తెలుసులే," అన్నాను.

నిజంగానే తెలుసు. ఒక పెట్ట పిల్ల ధరకు నాలుగు పుంజు పిల్లలు వస్తాయి. నూకలు ఇంట్లో ఉంటాయి. డిపో వెనక అడవిలో చెదపుట్టలకు కొదవ లేదు. దసరా నాటికి ఒక్కొక్కటి కిలో తూగినా చాలు. ఇరవై పిల్లల్ని తీసుకున్నాను.

అది ఎనభై నాలుగో సంవత్సరం. మావారు బూర్గంపాడు దాటాక రోడ్డు పక్కనున్న ఒక కలప డిపోలో గుమాస్తా. మాకిచ్చిన రెండు గదుల ఇల్లు ఆ డిపో గోడను ఆనుకుని ఉండేది. నేను మధిర వైపు నుంచి వచ్చినదాన్ని, ఖమ్మంలో బి.ఎస్సీ. జువాలజీ చదివాను. సాయంత్రం ఆయన వచ్చి పెట్టెలోకి తొంగి చూశారు.

"డిగ్రీ చేసింది కోళ్ళు మేపడానికా నిర్మలా? ఇరవైలో రెండు మిగిలితే చెప్పు, పులుసు పెట్టుకుందాం," అన్నారు.

ఆ మాట నాలోనే ఉండిపోయింది.

పెద్ద వెదురుగంప బోర్లించి, నేల మీద ఊక పరిచి, పైనున్న సందులోంచి అరవై వాట్ల బల్బు దించాను. నీళ్ళ మూకుడులో పిల్లలు మునగకుండా గులకరాళ్ళు వేశాను. నూకలు జల్లించి పెట్టాను. రెండు రోజులు అన్నీ నేననుకున్నట్టే నడిచాయి. మూడోనాటి సాయంత్రం మృగశిర వాన మొదలైంది. ఆకాశం పగిలిపోతుందేమో అన్నట్టు ఉరుములు. కరెంటు పోయింది. తెల్లవారేసరికి ఆరు పిల్లలు చచ్చిపోయి ఉన్నాయి. వెచ్చదనం కోసం ఒకదాని మీదకి ఒకటి ఎక్కి, కింద పడ్డవి నలిగిపోయాయి. స్తంభాలు కూలాయనీ, కరెంటు రావడానికి వారం పడుతుందనీ లైన్‌మన్ చెప్పి వెళ్ళాడు. ముసురు పట్టింది. మిగిలిన పద్నాలుగూ కళ్ళు మూసుకుని, రెక్కలు వేలాడేసి నిలబడ్డాయి.

వాటికి కావలసింది ఒక తల్లి. మా వెదురు దడికి అవతల బాలి గుడిసెలో ఒక పెట్ట ఉంది.

బాలి డిపో కావలిదారు రెడ్యా భార్య. యాభై దాటిన మనిషి. నన్ను "బిడ్డా" అనేది. ఆ ఎండాకాలం కొక్కెర తెగులు వచ్చి ఆమె కోళ్ళన్నీ పోయాయి. ఒక్క నల్ల పెట్ట మిగిలింది. పుంజు ఉండగా అది పెట్టిన గుడ్లు తొమ్మిది. ఆ పెట్ట వాటి మీద కూర్చుంది. వాటిలోంచే మళ్ళీ తన మంద లేవాలని బాలి రోజూ దడి మీదుగా నాకు చెప్పేది. చెప్పిన ప్రతిసారీ తొమ్మిది వేళ్ళు చూపించేది.

"బాలమ్మా, నీ పెట్ట కింద నా పిల్లల్ని పెడితే సాకుతుందా?" అని అడిగాను.

"ఎందుకు సాకది? పొదుగు మీదున్న కోడికి చీకట్ల కిందికి తోస్తే తనయే అనుకుంటది. గని గుడ్లున్నయి గద బిడ్డా. రెండు సంతలు దాటి నాలుగొద్దులాయె. మూడో సంతకు పిల్లలైతయి. ఇంక మూడు దినాలు. ఆగుతయా నీయి?"

"ఆగవు."

ఆమె నా ఒళ్ళో ఉన్న పిల్లను ఒకదాన్ని అందుకుని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని నోటితో వెచ్చటి గాలి ఊదింది. తర్వాత తనే అంది: "నాకూ ఈ ఉరుములతోని భయమే. గంపల బొగ్గేసిన, ఇనుప మేకు పెట్టిన. అయినా గట్లాంటి ఉరుములు ఎన్నడు విన్నం? లోపల మురిగిపోయినయో ఏమో."

ఉరుములకు గుడ్లు చెడవు. ఆ సంగతి అంతకుముందు రెండుసార్లు నేనే ఆమెకు నవ్వుతూ చెప్పాను. ఆ పూట చెప్పలేదు.

"టార్చితో చూస్తే తెలిసిపోతుంది. కాలేజీలో చూసేవాళ్ళం," అన్నాను.

మధ్యాహ్నం మా సామాన్ల గది తలుపు మూసి, కిటికీకి దుప్పటి కట్టి, గుడ్లను ఒక్కొక్కటిగా టార్చి ముఖం మీద పెట్టి చూశాను. బాలి నా పక్కనే కూర్చుంది. కాలేజీలో నేను చూసినవి అద్దపు పలకల మీది పిండాలు. పద్దెనిమిది గంటలది, ముప్ఫై మూడు గంటలది, డెబ్బై రెండు గంటలది. ఆఖరుది తొంభై ఆరు గంటలది. ఎర్రటి దారాల్లాంటి నరాలు, మధ్యలో గుండె. అక్కడితో మా సిలబస్ అయిపోయింది. పద్దెనిమిదో రోజు గుడ్డు లోపల ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు. ఎవరూ చెప్పలేదు.

ఎర్రటి దారాలు ఎక్కడా లేవు. మొదటి గుడ్డు నల్లగా ఉంది. రెండోదీ నల్లగానే ఉంది. తొమ్మిదీ అంతే. లావు వైపు మాత్రం కొంచెం ఖాళీగా వెలుగు కనిపిస్తోంది.

నాలుగో గుడ్డులో ఆ నలుపు అంచు కదిలింది.

నా చెయ్యి వణికిందనుకున్నాను. అనుకున్నాను అనడం కూడా సరి కాదు. అలా అనుకుంటే బాగుంటుందని తోచింది. రెండోసారి చూడకుండా ఆ గుడ్డును పక్కన పెట్టి ఐదోది తీసుకున్నాను. పరీక్షల్లో ఒక్క స్లైడును నాలుగుసార్లు చూసి గానీ జవాబు రాయని దాన్ని.

"ఏందే బిడ్డా?"

"నల్లబడ్డాయి బాలమ్మా. అన్నీ."

"ఉరుములకేనా?"

"ఉరుములకే అయి ఉంటుంది," అన్నాను.

ఆమె ఒక గుడ్డును చేతిలోకి తీసుకుంది. తర్వాత మెల్లగా, "మా అమ్మ గోరెచ్చని నీళ్ళల్ల ఏసి చూసేది. పాణముంటే నీళ్ళ మీద గుడ్డు ఊగుతది. ఏద్దామా ఒకపాలి?" అంది.

"నీళ్ళలో వేస్తే మంచివి కూడా చెడిపోతాయి."

ఆ మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. అప్పటికప్పుడు నోట్లో పుట్టింది. బాలి తలూపింది. "అవ్ లే, సదువుకున్నదానివి. నీకు తెల్వదా," అంది.

నేను వెంటనే, "నా పిల్లలు పెరిగాక సగం నీకు బాలమ్మా. సగం పాలు," అన్నాను.

"రెండు పెట్టలొస్తే సాలు బిడ్డా. మళ్ళ మొదలుపెట్టుకుంట."

అవన్నీ పుంజులని అప్పుడూ చెప్పలేదు.

పెట్ట లేచిపోకూడదని గుడ్లను అప్పటిదాకా దాని కిందే ఉంచి, పొద్దుగూకుతుండగా పిల్లల్ని ఒక్కొక్కటే కిందికి తోసింది బాలి. తొమ్మిది గుడ్లూ అయ్యేదాకా, ఒక్కో పిల్లకు ఒక్కో గుడ్డు బయటికి తీసి నా గిన్నెలో పెట్టింది. పెట్ట రెక్కలు విప్పి సర్దుకుని గొంతులో ఏదో గురగురమంది. బాలి తన భాషలో దానికేదో చెప్పింది. చావబోయిన పద్నాలుగు పిల్లలూ ఒక్క నిమిషంలో సద్దుమణిగాయి.

గుడ్లు పగిలితే కంపు కొడతాయనీ, దూరంగా పడేస్తాననీ చెప్పి గిన్నె తీసుకుని ఇంటి వెనక పెంటగుంట దగ్గరికి వెళ్ళాను. పడేసి రావచ్చు. కానీ ఏదైనా తేల్చుకోకుండా వదలని గుణం నాది. ఒక గుడ్డును రాతి అంచున కొట్టాను. నీళ్ళు కారలేదు, కంపు రాలేదు. తడిసిన నల్లటి నూగు, పెంకు నిండా మడుచుకున్న పిల్ల, ముక్కు మీద తెల్లటి చుక్క. ఒక కాలు చాచి, మళ్ళీ ముడుచుకుంది.

ఎనిమిది గుడ్లు మిగిలాయి. గిన్నె అడుగు నా అరచేతికి వెచ్చగా తగులుతోంది. దడి దాకా ఇరవై అడుగులు. "బాలమ్మా" అని ఒక్క కేక వేస్తే చాలు. ఆమె పిల్లల్ని తీసేసి గుడ్లు పెట్టేస్తుంది. తెల్లారేసరికి నా పద్నాలుగు పిల్లలూ ఊకలో పడి ఉంటాయి. ఆయన పులుసు సంగతి అడుగుతారు.

అవతల రెడ్యాతో బాలి అంటున్న మాటలు వినిపించాయి. "గుడ్లు పోతే పోయినయి గని, చూడు, పద్నాలుగు పిల్లల తల్లయింది!"

మూలనున్న పార తీసుకుని మట్టి కప్పాను. చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నాను. అన్నం వండి, ఆయనకు పెట్టి, నేనూ తిన్నాను.

వాన తెరిపివ్వగానే బాలి పెట్టను పిల్లలతో సహా మా పెరట్లోకి పంపింది. పిల్లలు పెరిగాయి. గద్ద రెండింటిని తన్నుకుపోయింది. పన్నెండు నిలిచాయి. ఆయన డిపోలో అందరితో, "మా ఇంటావిడ జువాలజీ ఊరికే పోలేదు," అని చెప్పారట. అది విన్న పూట నాకు అన్నం సయించలేదు. మూడో వారం దాటాక తలల మీద ఎర్రగా జుట్లు తేలడం మొదలైంది. ఒకనాడు బాలి దడి పట్టుకుని వంగి చూసి, "ఓ బిడ్డా! గివన్నీ పుంజులే గదనే! సాయిబు నిన్ను మంచిగ ముంచిండు!" అని నవ్వింది.

ఆమె అదృష్టమో నా ఖర్మో, మర్నాడే దస్తగిరి సైకిలు గంట కొట్టుకుంటూ వచ్చాడు. బాలి రోడ్డుకు అడ్డంగా నిలబడింది.

"ఏం సాయిబూ! తెల్వని ఆడకూతురు దొరికిందని అన్నీ పుంజులంటగడ్తవా? ఒక్క పెట్ట ఏస్తే నీ సైకిలు బరువైతుండెనా? గంత గడ్డం పెంచినవ్, మొకానికా మోసానికా?"

దస్తగిరి నా వైపు చూశాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను. తల దించుకున్నాను.

అతను ఒక్క క్షణం ఆగి, "అవ్ బాలీ, తప్పయింది. ఈపాలి పెట్టల్ని తెస్త. నీ తిట్లకన్నా ఈ ఎండే నయం, పోనియ్యి," అన్నాడు. తర్వాత కూడా మా ఇంటికి వస్తూనే ఉన్నాడు. ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు.

ఆషాఢం చివర మళ్ళీ ఉరుములు ఉరిమాయి. మర్నాడు పగలు బాలి తండాలో ఉండే తన మేనకోడలు రూప్లిని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది. రూప్లి చేతిలో గుడ్డ పరిచిన చాట, అందులో పదకొండు గుడ్లు.

"మా బిడ్డ లైటేసి లోపలి సంగతి చెప్తది. మురిగినయి తీసేస్తే పెట్టకు కష్టం తప్పుతది," అని ఆమెకు చెబుతోంది బాలి, గర్వంగా. "రెండు సంతలు దాటి నాలుగొద్దులాయె బిడ్డా, సరిగ్గ నావోలెనే."

కుదరదన్నాను. టార్చిలో బ్యాటరీలు అయిపోయాయన్నాను. బాలి రెడ్యా టార్చి కొంగులోంచి తీసి నా చేతిలో పెట్టింది.

రూప్లి వరండాలో కూర్చుంది. బాలి నాతో పాటు సామాన్ల గదిలోకి వచ్చి తలుపు మూసింది. మొదటి గుడ్డు పెట్టాను. నలుపు. లావు వైపు ఖాళీ వెలుగు. ఆ నలుపు అంచున చిన్నగా ఒక కదలిక, మళ్ళీ ఒక కదలిక. నా చెయ్యి వణకడం లేదు.

"బాగుంది," అన్నాను గుడ్డు దించుతూ.

బాలి నా మణికట్టు పట్టుకుని గుడ్డును మళ్ళీ వెలుతురు మీదకి తెచ్చింది. "గిది నల్లగుంది గద బిడ్డా?"

ఆమె నా మణికట్టు వదల్లేదు.

"నాయి నల్లగున్నయనే గద చెడ్డయంటివి?"

ఇవి కూడా చెడ్డాయని చెప్పొచ్చు. ఆమె నమ్ముతుంది. రూప్లి చాటను తీసుకెళ్ళి తనే గుంటలో పడేస్తుంది. ఆ మాట నాలుక దాకా వచ్చిందనీ ఇక్కడ రాయాలి.

"ఈ రోజుకు నల్లగా ఉంటేనే బాగున్నట్టు బాలమ్మా. అప్పుడు నాకు తెలీదు," అన్నాను. అంతటితో ఆపితే అది తెలియక చేసిన పొరపాటుగా మిగిలేది. "కానీ ఆ రోజే తెలిసింది. తీసుకెళ్ళగానే ఒకటి పగలగొట్టి చూశాను. కాలు కదిలింది."

"గప్పుడేనా?"

"అప్పుడే. ఉరుములకు చెడవని కూడా నాకు తెలుసు. ఇవి పుంజులని దస్తగిరి ముందే చెప్పాడు."

ఆమె పుంజుల సంగతి విననే లేదు. "తక్కినయి?"

"మట్టి కప్పాను."

చీకట్లో ఆమె ముఖం కనిపించలేదు. టార్చి వెలుగు గోడ మీద పడి ఉంది.

"వెచ్చగుండెనా?"

"ఉన్నాయి."

బయటి నుంచి రూప్లి, "ఏందత్తా? ఎన్ని పోయినయి?" అని కేకేసింది.

బాలి తలుపు తీసింది. "ఒక్కటి గూడ పోలే. అన్నిట్ల పాణముంది. జల్దీ తీస్కపో, పెట్ట లేస్తది," అంది. గుడ్లను తనే చాటలో సర్ది గుడ్డ కప్పింది. రూప్లితో వేరే ఒక్క మాట అనలేదు. తర్వాత తండాలోనూ ఎవరితోనూ అనలేదు. అని ఉంటే నాకు తెలిసేది. ఆడవాళ్ళు నన్ను మునుపటిలాగే పలకరించేవారు.

మర్నాడు పొద్దున గంప పట్టుకుని వచ్చింది.

"నా పెట్ట. నా సగం," అంది.

"అన్నీ తీసుకో బాలమ్మా. పన్నెండూ నీవే. దస్తగిరితో చెప్పి పెట్టలు కూడా తెప్పిస్తాను, నాటువి. నేనే..."

"అన్నీ నాకెందుకు? సగమన్నం. నీయి నువ్వు సాదుకో."

లావువి ఏరుకుంటుందేమో, ఏరుకుంటే బాగుండుననుకున్నాను. చేతికి అందినవి అందినట్టు ఆరింటిని గంపలో వేసుకుని, పెట్టను చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. పెట్ట అరుస్తూనే ఉంది.

మిగిలిన ఆరూ ఆ అరుపు విని దడి కిందనున్న సందుల్లోంచి దూరి అవతలికి పోయాయి. నేను ఆపలేదు. అలాగే ఉండిపోతే మంచిదనిపించింది. పొద్దుగూకే వేళ బాలి వాటిని పట్టుకుని ఒక్కొక్కటిగా దడి పైనుంచి అందించింది. నేను రెండు చేతులూ చాచి అందుకున్నాను. మర్నాడు మళ్ళీ పోయాయి, మళ్ళీ అందించింది. పది రోజులు అలా జరిగింది. ఒక్కరోజు కూడా పిల్లలు మారలేదు, ఆరుకు ఒకటి తగ్గలేదు. ఆఖరుదాన్ని నా చేతుల్లో పెట్టి, అది కాళ్ళు నిలదొక్కుకునేదాకా కింద చెయ్యి తీయకుండా ఉండి, ఆ తర్వాత లోపలికి వెళ్ళేది.