ఏమంటున్నారే జనం

టిక్కెట్టు చింపడంలో గేటమ్మకి ఒక పద్ధతి ఉంది. సగం తన డబ్బాలో వేసుకుని, మిగతా సగం చేతిలో పెట్టేటప్పుడు మనిషి మొహంలోకి ఒక్కసారి చూస్తుంది. ఇష్టపడి వచ్చాడా, ఎవరో లాక్కొస్తే వచ్చాడా, ఎండ తప్పించుకోవడానికి వచ్చాడా అన్నది ఆ చూపులోనే తెలిసిపోతుంది. బయటికి వెళ్లేటప్పుడు అదే మొహాన్ని మళ్లీ చూస్తుంది. ఆ రెండింటికీ పోలిక లేదంటే సినిమా ఆడినట్టే. పాత యజమాని బతికి ఉన్నన్నాళ్లూ మొదటి ఆట వదలగానే గేటు దగ్గరికి వచ్చి, "ఏమంటున్నారమ్మా జనం?" అని అడిగేవాడు. ఇప్పుడున్న కొడుకు అదేదో ఫోనులో చూసుకుంటాడు.

ఆమె మనిషి పొట్టి, చేతులు మాత్రం పొడుగు. ఖాకీ కోటు భుజాల దగ్గర వదులుగా వేలాడుతుంది, మోచేతుల దగ్గర నున్నగా అరిగిపోయింది. చింపీ చింపీ కుడిచేతి బొటనవేలు కొస కాస్త పక్కకి తిరిగింది. హాలు గోడల మీద చెమ్మ మరకలున్నాయి, కుర్చీలకి అతుకులు పడ్డాయి. అయినా పొద్దుటి ఎండ గేటు కమ్మీల్లోంచి గచ్చు మీద పడుతుంటే ఆమెకి ఆ చోటు ముచ్చటగానే ఉంటుంది. ఇన్నేళ్లు అన్నం పెట్టిన చోటు మరి.

ఆ వారం ఉదయం ఆటకి పాత సినిమా వేశారు. ఎనభైల్లో వచ్చిన దయ్యం సినిమా. దులిపి, తుడిచి, మళ్లీ వదిలారు. ఒక పాత ఇల్లు, అందులోకి కొత్తగా కాపురానికొచ్చిన జంట, పెరట్లో మూత వేసిన బావి. ఇంటర్వెల్ దాకా ఏమీ జరగదు. ఆరేసిన చీర గాలి లేకుండా కదులుతుంది. వేసిన తలుపు ఓరగా తెరుచుకుని ఉంటుంది. కొత్త కోడలు పాలు పొయ్యి మీద పెట్టి కిటికీలోంచి చూస్తుంటే, బావిలోంచి ఎవరో బిడ్డని జోకొడుతున్నట్టు సన్నగా కూనిరాగం వినిపిస్తుంది. పాలు పొంగిపోతాయి. అంతే. దయ్యం మొహం ఆఖరిదాకా చూపించరు. ఆ కూనిరాగమే దయ్యం.

ఆ గొంతు గేటమ్మ అక్కది.

అక్క ఆ సినిమాలో వేషం వెయ్యలేదు. షూటింగు జరిగినన్నాళ్లూ వాళ్లందరికీ వంట చేసింది, అంతే. ఒకరోజు మట్టి కూజా కడిగి, లోపల వాసన పోయిందో లేదోనని మూతి దగ్గర ముక్కు పెట్టి, అలవాటు కొద్దీ ఏదో రాగం తీసిందట. అవతల గదిలో శబ్దాలు పట్టే ఆయన చెవులకున్నవి పీకి పరిగెత్తుకుంటూ వచ్చాడు. "ఏదమ్మా, మళ్లీ అను" అన్నాడు. అక్క హడలిపోయి, అన్నం మాడిందేమోనని పొయ్యివైపు పరిగెత్తింది. మొత్తానికి ఖాళీ కూజాలోకి ఆమె చేత పాడించి పట్టుకున్నారు. పోతూ పోతూ ఆయన ఒక మాట చెప్పాడు. "ఈ గొంతు ఎవరిదో తెలియనంతసేపే దయ్యం. తెలిసిందంటే వంటమనిషి. ఎవరికీ చెప్పకు తల్లీ." అక్క దాన్ని ఒట్టులా పట్టుకుంది. ఆ సినిమావాళ్లే హాలు యజమానితో మాట్లాడి చెల్లెలికి ఆడవాళ్ల గేటు దగ్గర పని ఇప్పించారు. అమ్మా నాన్నా పోయాక గరిటె పట్టుకుని తనను పెంచిన అక్క, ఆ కూజా చలవతో తనకో దారి కూడా చూపించిందని గేటమ్మకి ఎప్పుడూ గుర్తే.

తమాషా ఏమిటంటే, అక్క ఆ సినిమా చూడనే లేదు. దయ్యాలంటే ఆమెకి చచ్చేంత భయం. విడుదలైన కొత్తల్లో ఒకసారి ధైర్యం చేసి గేటు దాకా వచ్చింది. లోపలినుంచి తన గొంతే తనకి వినబడేసరికి చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటికి పరుగు తీసింది. అందుకని సినిమా సంగతంతా చెల్లెలి నోటివెంటే వినేది. "ఏమంటున్నారే జనం?" అని రోజూ అడిగేది. గేటమ్మ మంచి మాటలన్నీ ఏరుకుని తెచ్చి చెప్పేది. తిట్టినవి గేటు దగ్గరే వదిలేసి వచ్చేది.

ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు మళ్లీ అదే పని పడింది. అక్క మంచం పట్టి చాలాకాలమైంది. ఇక ఇంటికి తీసుకెళ్లి దగ్గరుండి చూసుకోమని డాక్టరు చెప్పేశాడు. నాలుగు చెంచాల గంజి దిగితే గొప్ప. అయినా చెల్లెలు గుమ్మంలో అడుగు పెట్టగానే కళ్లు తెరిచి చూస్తుంది. ఆ కళ్లకి ఏదో ఒకటి తెచ్చి చూపించాలి. గేటమ్మకి ఇప్పుడున్న బెంగంతా అదే.

ఆ రోజు ఆటకి జనం పల్చగా వచ్చారు. ఇంటర్వెల్‌లో కాలేజీ పిల్లలు నలుగురు బయటికి వచ్చేశారు. "దయ్యం ఏదిరా? ట్రాఫిక్‌లో ఇరుక్కున్నట్టుంది" అన్నాడు ఒకడు. మిగతావాళ్లు పడీపడీ నవ్వారు. గేటమ్మకి కూడా నవ్వొచ్చింది గానీ పైకి రానివ్వలేదు. ఆట వదిలాక ఇంకొకాయన, "మొదటి సగం కోసి పారేస్తే బాగుండేది" అంటూ వెళ్లాడు. ఆయన పక్కనున్నావిడ, "అదే బాగుంది. రెండో సగమే అక్కర్లేదు" అంది. వాళ్లు ఆ గొడవ పెట్టుకునే రోడ్డు దాటారు. ఈ మాటల్లో ఇంటికి మోసుకెళ్లడానికి ఏమీ లేదు.

అప్పుడొచ్చాడు ఒక భారీ మనిషి. చెయ్యి ఎత్తితే గేటు పై కమ్మీ అందుతుంది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అమ్మా, బాత్రూము వరండాలో కాస్త నిలబడతారా? తలుపు వేసుకోబుద్ధి కావట్లేదు."

గేటమ్మ నిలబడింది. బయటినుంచి దగ్గుతూ తానున్నానని తెలియజేసింది కూడా. ఆయన చేతులు కడుక్కుని వచ్చి సిగ్గుపడుతూ అడిగాడు.

"ఆ పాడిందెవరమ్మా? ఆఖర్న పేర్లన్నీ చదివాను, ఎక్కడా లేదు."

మాట నాలుక చివరిదాకా వచ్చింది. మా అక్క అనాలి. వంట చేసే మా అక్క అని చెప్పాలి. గేటమ్మ కోటు గుండీ సవరించుకుంది.

"ఎవరికి తెలుసు బాబూ" అంది.

ఇల్లు హాలు వెనక సందులో, మేడ మీద ఒకే గది. కిటికీ పక్కన మంచం, మంచం పక్కన ముక్కాలిపీట, పీట మీద ఆ కూజా. మూతి దగ్గర పెచ్చు ఊడింది. దాన్లో ఎప్పుడూ నీళ్లు పొయ్యరు. కింద వాటాలో బట్టలు కుట్టే ఆవిడ అంతవరకు దగ్గర కూర్చుని, గేటమ్మ రాగానే లేచి వెళ్లింది.

"ఏమంటున్నారే జనం?" అంది అక్క. గొంతులో గాలే ఎక్కువ.

గేటమ్మ ఆ భారీ మనిషి సంగతి చెప్పింది. దగ్గి చూపించింది. అక్క పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది. నవ్వు ఆయాసంగా మారితే గేటమ్మ వీపు రాసింది. తెరిపిన పడ్డాక అక్క అడిగింది.

"తిట్టినవాళ్ల సంగతి కూడా చెప్పు."

"ఎవరు తిట్టారు? అందరూ బాగుందనే..."

"చిట్టీ, నేను గేటు దాకా వచ్చిన రోజున ఒకాయన బయటికొస్తూ ఏమన్నాడో తెలుసా? ఇదేం సినిమారా, అత్తారింటికి నడుచుకుంటూ పోయినట్టుంది అన్నాడు. నేను విన్నాలే."

గేటమ్మకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"నువ్వంత ముచ్చటగా చెప్తుంటే ఆపబుద్ధి కాలేదు. పగలంతా ఆ గేటు దగ్గర నిలబడి, నాకోసం ఏరుకుని తెచ్చేదానివి. నాకెవరు తెస్తారే అలాగ?"

గేటమ్మ అప్పుడు ట్రాఫిక్ మాట కూడా చెప్పింది. అక్కకి అదే అన్నిటికన్నా నచ్చింది. "ఇరుక్కుంది పాపం" అని రెండుసార్లు అనుకుని నవ్వింది. తర్వాత కిటికీలోంచి ఎదురింటి గోడ మీది ఎండను చాలాసేపు చూసింది.

"పాడిందెవరని ఆ భారీ మనిషి అడిగినప్పుడు చెప్పాల్సిందే" అంది.

"చెప్పొద్దన్నావుగా. భయం పోదూ?"

"పోతే పోనీ. ఎంతకాలం భయపెడతాం జనాన్ని? ఇక చెప్పెయ్యి."

గంజి వెచ్చబెట్టడానికి గేటమ్మ పొయ్యి దగ్గరికి వెళ్లింది. వెనకనుంచి సన్నగా కూనిరాగం వినబడింది. కూజా లేకుండా, ఉత్త గొంతుతో. చిన్నప్పుడు తనను నిద్రపుచ్చిన రాగం అది. లక్షమందికి ఒళ్లు గగుర్పొడిపించిన ఆ రాగానికి ఆమెకి మాత్రం ఎప్పుడూ నిద్రే వచ్చేది. ఆ అదృష్టం తనొక్కదానిదే అనుకుంటూ గరిటె తిప్పుతోంది. రాగం మధ్యలో ఆగింది. మళ్లీ మొదలవుతుందని కాసేపు ఆగి, గిన్నె దించి, చేతులు తుడుచుకుని వెనక్కి తిరిగింది. అక్క ఇంకా ఎదురింటి గోడ మీది ఎండనే చూస్తున్నట్టుంది.

గేటమ్మ ఆ కళ్లు మూసింది. దుప్పటి సరిచేసి, ఆ చెయ్యి పట్టుకుని కూర్చుంది. దుఃఖంతోపాటే ఏదో నిండుగానూ ఉంది. ఇలాంటి అక్కని ఇచ్చినందుకు దండం పెట్టాలనిపించింది. ఎవరికి పెట్టాలో తెలియక అక్క పాదాలకే పెట్టింది.

కబురందుకుని కుట్టుపని ఆవిడ పైకి వచ్చింది. గేటమ్మని పట్టుకుని ఏడ్చింది. చుట్టాలూ తెలిసినవాళ్లూ వస్తారు, దాహానికి నీళ్లుండాలి కదా అని గదంతా చూసి, కూజా అందుకోబోయింది.

"దీన్నిండా నీళ్లు పట్టుకురానా?"

"వద్దమ్మా. అది ఖాళీగానే ఉండాలి" అంది గేటమ్మ. "దయ్యం సినిమాలో బావిలోంచి పాడేది చూడు, అది అక్క. ఈ కూజాలోకే పాడింది."

కుట్టుపని ఆవిడకి సగం అర్థమయ్యేసరికే చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. రెండడుగులు జరిగి గోడకి ఆనుకుని నిలబడింది.

"అమ్మో! ఆ సినిమా చూసి నేను ఏడాదిపాటు మా అమ్మ తోడు లేకుండా పెరట్లోకి వెళ్లలేదు. పెళ్లయ్యాక కూడా... ఆవిడా? మా పిల్లలకి జావ కాచిపెట్టిన ఈవిడా?" అంటూనే కూజావైపు చూడకుండా మొహం తిప్పుకుంది.

గేటమ్మకి ఏడుపులోంచే నవ్వు పొంగుకొచ్చింది. ఎవరిదో తెలిసినా భయం పోలేదు. అన్నేళ్లలో విన్నవాటిలో ఇంత మంచి మాట ఇంకొకటి లేదు. అక్కకి చెబుదామని గబుక్కున మంచంవైపు తిరిగింది. తాను మూసిన కళ్లు మూసినట్టే ఉన్నాయి.

కిటికీ పక్కన, ముక్కాలిపీట మీద, పెచ్చు ఊడిన మూతితో కూజా ఖాళీగా ఉంది.